లింగమూర్తి పేరుకు బంగారు రంగు

కరెంటు పోయి వచ్చేసరికి యాస్మీన్ పొద్దుటినుంచి చేసిన పనంతా ఎగిరిపోయింది. ఇన్వర్టరు కొంటానని షాపు యజమాని శివ రెండు ఎండాకాలాలుగా చెబుతూనే ఉన్నాడు. గోదావరిఖని చౌరస్తా పక్క సందులో రేకుల గది అది. ఒక మూల ఫ్లెక్సీలు కొట్టే మిషను వేడి, రంగుల ఘాటు. చున్నీ కొసతో మెడ తుడుచుకుని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. నెలకు రెండున్నర వేలిచ్చే కుర్చీ ఇంకోటి దొరకడం కష్టమని ఆమెకు తెలుసు.

2008 అది. ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి పదవి వచ్చినా ఊళ్లో ఫ్లెక్సీ కట్టాలి, అందులో పేరు బంగారంలా మెరవాలి. ఫొటోషాపులో ఆ మెరుపు పెద్ద విద్యేమీ కాదు. అక్షరాల పైఅంచున లేత పసుపు, నడుమ తేనెరంగు, అడుగున ముదురు గోధుమ పెట్టుకుని, ఒకదాంట్లో ఒకటి కరిగేటట్టు మౌసును పైనుంచి కిందికి లాగడమే. దాన్ని గ్రేడియెంట్ అంటారు. వచ్చేవాళ్లు మాత్రం ‘గోల్డు కొట్టు’ అంటారు. చిక్కల్లా ఒకటే. యాస్మీన్ నేర్చుకున్న పద్ధతిలో గోల్డు కొట్టాలంటే ముందు అక్షరాలను బొమ్మగా మార్చాలి. మార్చాక ఒత్తు తప్పినా దిద్దడానికి వీల్లేదు, మొదటినుంచి టైపు చేయాల్సిందే. అందుకని గోల్డు కొట్టేముందు రాసిందంతా గిరాకీకి పైకి చదివి వినిపించడం ఆ షాపులో అలవాటు.

ఆ రోజు గిరాకీ కిషన్. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తీసే కాంట్రాక్టరు లింగమూర్తికి కుడిచెయ్యి. వెంట ఐలవ్వను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె మొగడు సదయ్య లింగమూర్తి దగ్గర కూలీ, పోయినవారం చనిపోయాడు. దినాలు కాకుండా ఆమె గడప దాటకూడదు. కానీ మొగడి ఫొటో ఉన్నది ఒక్కటే, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వనని తనే పట్టుకొచ్చింది. స్కానింగుకు ఇచ్చి, బయట బల్లమీద కూలబడి నీళ్లు తాగుతోంది.

ఈలోగా కిషన్ వెనక నిలబడి చెబుతుంటే యాస్మీన్ టైపు చేసింది.

“సార్ పేరు పైన, పెద్దగ. మంచిగ గోల్డు కొట్టు చెల్లె. సార్ ఫొటో దండం పెడుతున్నది పెట్టు. సదయ్యది కింద, చిన్నగ.”

ఎన్నోసార్లు కొట్టిన పేరే కనక చదివి వినిపించకుండానే గోల్డు కొట్టింది. లింగమూర్తి పేరు తెరమీద ధగధగలాడింది. చావు ఫ్లెక్సీలో కూడా బతికున్నవాడి పేరే మెరవడం యాస్మీన్‌కు కొత్త కాదు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నడుం నొప్పి తప్ప ఏమీ రావడం లేదు.

“కింద మ్యాటరుకు గూడ కొట్టు,” అన్నాడు కిషన్.

“సదివినంక కొడతనన్నా,” అంటూ ఆమె ఐలవ్వను లోపలికి పిలిచింది. “అక్కా, ఇనుండ్రి. ‘రోడ్డు ప్రమాదంలో అకాల మరణం చెందిన మా కార్మికుడు సదయ్య గారికి అశ్రునివాళి. మీ లింగమూర్తి.’”

ఐలవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

“మల్లొక్కసారి సదువు బిడ్డా.”

యాస్మీన్ చదివింది.

“రోడ్డేంది? మట్టికుప్ప మీద డంపర్ లారీ ఎన్కకచ్చి గుద్దింది గదా! ఎన్కకు రమ్మని చెయ్యి ఊపుడే ఆయన డ్యూటీ.”

“బండ్లు తిరిగేదంత రోడ్డే గద వదినె,” అన్నాడు కిషన్ మెత్తగా. “రేపు ఎంక్వైరీకి ఆఫీసర్లు అస్తరు. ఊరంత ఒక్కటే మాట ఉండాలె. దినాల ఖర్చంత సారే పెట్టుకుంటుండు, నిన్ను ఊకె ఇడుస్తడా?”

“డ్యూటీల సచ్చిండంటేనే నా పిల్లలకు పైసలస్తయని యూనియనోళ్లు జెప్పిండ్రు. రోడ్డు మీద సచ్చిండంటే ఎవలిత్తరు? నువ్విత్తవా?”

కిషన్ యాస్మీన్ వైపు తిరిగి, “కొట్టు చెల్లె, జల్ది,” అన్నాడు.

ఐలవ్వ ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయినట్టుంది. వచ్చి స్కానరు మూత తనే లేపింది.

“గా మాట కింద ఆయన మొకం పెట్టనియ్య. దినాలు నేనే జేసుకుంట, అంబలి పోసి జేసుకుంట. మీ సారుకు జెప్పు.”

ఫొటోను కొంగున ముడివేసుకుని ఎండలోకి వెళ్లిపోయింది. ఆటోకు డబ్బులున్నాయో లేవో ఎవరూ అడగలేదు.

కిషన్ నవ్వాడు. “పిచ్చిది. ఫొటో కంప్యూటర్లకు ఎక్కింది గదా! శివన్నా, సాయంత్రం వరకు పది ఫ్లెక్సీలు గావాలె.” అంటూ మోగుతున్న ఫోను పట్టుకుని సందులోకి నడిచాడు.

మిషను దగ్గరున్న శివ యాస్మీన్ ముఖం వైపు చూడలేదు. చెడ్డవాడేం కాదు, షాపుకొచ్చే పనిలో సగం లింగమూర్తిది. “కొట్టెయ్యమ్మా,” అన్నాడు. “మనకెందుకు లొల్లి.”

నిజమే, మనకెందుకు అనుకుంది యాస్మీన్. అనుకుంటూనే తెరమీద సదయ్య ముఖం వైపు చూసింది. చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, ఫొటో తీసేవాడికి భయపడుతున్నట్టు నిలబడ్డాడు. ఆమె తమ్ముడు జునైద్ కూడా ఈ వేళకు ఇంకో కాంట్రాక్టరు మట్టికుప్ప మీద డంపర్లకు చెయ్యి ఊపుతూ ఉంటాడు.

మౌసును అక్షరాల మీదికి తెచ్చింది. గోల్డు కొట్టడానికి ఒక్క గీత లాగితే చాలు. చెయ్యి రాలేదు. సదయ్య బొమ్మను తీసేసింది. స్కాను చేసిన ఫైలును కూడా వెతికి తీసేసింది. ఇక మళ్లీ దొరకదు, తీసేయమంటావా అని కంప్యూటరు అడిగింది. అవునని నొక్కింది. పని పోతుందని భయం వేసింది, బాగా వేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కిషన్ ఫోను జేబులో వేసుకుంటూ లోపలికొచ్చాడు. తెరమీద లింగమూర్తి పేరు మెరుస్తోంది. కింద సదయ్య ఫొటో ఉన్న చోటు ఖాళీ.

“ఫొటో ఏది?”

“అక్క తీస్కపోయింది గదన్నా,” అంది యాస్మీన్.