పూజలో పెట్టిన స్పానర్లు

మా తమ్ముడు మా ఇంటి మీద విమానం తిప్పాలని కిందికి దించి చచ్చాడట! అన్నవాళ్ల నోట్లో మన్ను పడ. ధర్మవరంలో మా వీధి మొదలుకొని పేపరువాళ్ల దాకా అందరిదీ అదే పాట. విమానం పడిందేమో పెనుకొండ దగ్గర వేరుశనగ చేలో. అక్కడి నుంచి మా మిద్దె కనిపించాలంటే వాడికి డేగ కళ్లుండాలి. చెబితే వింటారా? చచ్చినవాడు లేచొచ్చి అడగడు కదా, ఎన్నైనా అంటారు.

ఊరు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. మా అమ్మ యల్లక్క కూడా నమ్మింది. అదే నా ఏడుపు.

దసరా పండగ ముందు తమ్ముడు శేఖర్ ఫోన్ చేసినప్పుడు, "ఒక్కసారి మన మిద్దె మీద తిప్పబ్బా, సూస్తా" అని అడిగింది అమ్మ. "అట్లా తిప్పితే నా ఉద్యోగం ఊడుతుంది మా" అని వాడు నవ్వేశాడు. వాడు కాదన్న సంగతి అమ్మకు గుర్తులేదు. తను అడగడం మాత్రమే గుర్తుంది. "నేనే సంపుకుంటిని, నా నోరే సంపింది" అంటూ మంచం పట్టింది. కూడు ముట్టదు.

శేఖర్ పెనుకొండ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు విమానం నడపడం నేర్పేవాడు. విజయదశమి పొద్దున చిన్న విమానంలో ఒక్కడే పైకి లేచాడు. కాసేపటికే అది కూలింది. ఆ చేలో కాయలు పీకుతున్న కుళ్లాయప్పను నేనే వెళ్లి అడిగాను. "ముక్కు కిందికేసుకొని వచ్చిందమ్మా. లేపల్లని శానా కొట్లాడినాడు, లెయ్యలేదు. ఆటలాడేటోడు అట్ల పడతాడా?" అన్నాడు. పాపం, ఆయన మాట ఎవరికి కావాలి? విమానంలో ఏ లోపమూ లేదని, పైలటే కిందికి దించాడని స్కూలు ఓనరు చెప్పేశాడు. దాన్ని బాగుచేసే మెకానిక్ ఎర్రిస్వామి కూడా విచారణ ఆఫీసర్ల ముందు అదే చెప్పి, బయటికొచ్చి టీవీవాళ్లకూ చెప్పాడు.

ఎర్రిస్వామి మాకు పరాయివాడు కాదు. శేఖర్‌తో వచ్చి మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో. నేరుగా హిందూపురం వెళ్లి, వాళ్ల గడపలో నిలబడ్డాను.

"తమ్ముడా అని పిలిచి అన్నం పెట్టినా గదరా. నిజం చెప్పు" అన్నాను.

వాడు గోడకు చేరగిలబడి బావురుమన్నాడు.

"ఆయుధపూజ నాడు తోక లోపల, విమానం ముక్కు లేపే కడ్డీ నట్టు ఇప్పి సూసినానక్కా. మళ్లీ చేత్తో తిప్పి పెట్టినా. ఇంక స్పానరుతో బిగించి, ఊడకుండా పిన్ను గుచ్చల్ల. ఇంతలో ఓనరు స్పానర్లన్నీ తెచ్చి పూజలో పెట్టమన్యాడు. పెడితిని. కుంకం పెట్టేసినారు. పూజలో పెట్టింది మరుసటి దినం దాకా ఎట్ల తీస్తామక్కా? ఫొటోలు తీస్తారని తోక మూత మూసేస్తి. దాని మీద పూలదండ ఏసినారు."

"ఎవరికీ చెప్పలేదా?"

"పూజ పూట పని మిగిలిపోయిందని నోటితో అంటే అపశకునం గదా. పొద్దున్నే వచ్చి బిగిస్తాంలే అనుకుంటి. దశమి నాడు మంచి గడియలోనే విమానం ఎగరల్లని ఓనరు నేనొచ్చే లోపలే శేఖర్‌ను పంపించేసినాడు."

చెంప పగలగొట్టాను. స్పానరుకు కుంకుమ పెట్టడానికి తీరింది, దాంతో నట్టు బిగించడానికి తీరలేదా! ఇంకా ఏమేమో తిడదామనుకున్నాను. కానీ ఆ రోజు మా ఇంట్లోనూ కత్తిపీట ముట్టం, కూరగాయలు ముందే తరిగి పెట్టుకుంటాం. అది గుర్తొచ్చింది.

"ఈ మాట ఆఫీసర్ల ముందు చెప్పు" అన్నాను.

"జైల్లో ఏస్తారక్కా. పిల్లోళ్లు ఉండారు. ఆడ చెప్పలేను."

"మా అమ్మకైనా చెప్తావా?"

"అమ్మకైతే చెప్తా."

సరేనన్నాను. ఏం చేయను? అమ్మ నాలుగు ముద్దలు తింటే అదే పదివేలు అనుకున్నాను.

ఆదివారం వచ్చాడు. అమ్మ మంచం దగ్గర కింద కూర్చొని ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పాడు. అబద్ధమెందుకు, ఆ ఒక్క పని మాత్రం సరిగా చేశాడు. అమ్మ అంతా వినింది. వాడి తల మీద చేయి వేసింది.

"నిజమైతే ఆపీసర్ల ముందరే చెప్పింటావు గదా నాయనా" అంది. "టీవీలో నేనూ సూసినా. విమానం బాగుండాదని నువ్వే చెప్తివి. నా బాధ సూడలేక నింద నీ మీద ఏసుకుంటాండావు. ఇంత మంచి మనసు ఎవరికుంటాది? నీ పిల్లోళ్లు సల్లగుండల్ల."

"మా, వాడు చెప్పేది నిజం!" అని అరిచాను.

"నువ్వే నేర్పించి పిల్సుకొస్తివి. నాకు తెల్దా?" అంది అమ్మ. "వానికి అన్నం పెట్టు పో."

నేను కదల్లేదు. అన్ని రోజులుగా మంచం దిగని మనిషి గోడ పట్టుకొని లేచి, తనే వడ్డించింది. ఆ సిగ్గులేనివాడు తిన్నాడు.

వాకిట్లో వాడి బండి హ్యాండిల్ పట్టుకున్నాను. "పా, ఇప్పుడే పోదాం. ఆడ చెప్తేనే ఆమె నమ్మేది" అన్నాను.

"అమ్మే నమ్మలేదు గదక్కా" అన్నాడు. "ఇంక ఆపీసర్లు యాడ నమ్ముతారు?"

వచ్చినప్పుడున్న ఏడుపు ముఖం లేదు. చెప్పాల్సింది చెప్పేశాడు, దీవెనా దొరికింది, కడుపూ నిండింది. నా చేయి మెల్లగా తప్పించి బండి స్టార్టు చేసి వెళ్లిపోయాడు.

లోపలికి వెళ్లేసరికి అమ్మ వాడు తిన్న తట్ట కడుగుతోంది. "లేచినావు గదా మా, నువ్వూ రెండు ముద్దలు తిను" అన్నాను.

"నాకేం కూడు లేమ్మా" అంది, "కన్నకొడుకును మింగినదాన్ని."