నాలుగో పన్ను

"తలమీద నీళ్ళు పోసుకొని లోపలికి రా" అని అత్తగారు సుమిత్రమ్మ వంటింట్లోంచే చెప్పింది. ఆమె ఎప్పుడూ కోపంగా చెప్పదు. పాలు పొంగుతున్నాయి చూడు అన్నంత మామూలుగా చెబుతుంది. హేమావతి మెట్ల కింద బాత్రూములోకి పోయి కొళాయి తిప్పింది. గాలి ఒక్కటే వచ్చింది. ట్యాంకరు రేపు గానీ రాదు. డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచుకుని, పొద్దున తడిసిన తల ఆరకముందే మళ్ళీ తడుపుకుంది. బోరునీళ్ళ ఉప్పుకు జుట్టు కొబ్బరిపీచులా తయారై చాన్నాళ్ళయింది. దువ్వెనకు ఊడి వచ్చే వెంట్రుకలను ఉండచుట్టి పారేసేటప్పుడు వాటివైపు చూడకుండా ఉండటం కూడా అలవాటైపోయింది.

మేడమీద రేకుల షెడ్డులో సీసాల నిండా చచ్చిన చుంచెలుకలున్నాయి. వాటిని ముట్టుకుంటే తలస్నానం చేయాలి. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు అది. కళ్యాణదుర్గంలో తరాలుగా చెనక్కాయల వ్యాపారం చేసి, బుక్కరాయసముద్రంలో స్థిరపడిన కుటుంబం. గోడౌనులో చుంచు తిరిగితే లక్ష్మి తిరిగినట్టేనని వాళ్ళు దాన్ని తరమరు, కొట్టరు. బతికున్నది లక్ష్మి, చచ్చినది మైల. ఆ మైల హేమావతి ఒక్కదానికే అంటుతుంది. ఎందుకంటే ముట్టుకునేది ఆమె ఒక్కతే.

హేమావతి భర్త భరత్‌కుమార్ అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతాడు. ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకే తరగతి, ప్రాక్టికల్స్‌లో ఒకే బల్ల. కప్పను కోసేది ఆమె, భాగాలకు పేర్లు రాసేది అతను. "నాకు చిన్నప్పట్నుంచి అలవాటు లేదు హేమా, నువ్వే కొయ్యి" అనేవాడు. అప్పట్లో ఆ మాటలో ఆమెకు ఒక చనువు కనిపించింది. పెళ్ళి నాటికి ఆమె పరిశోధనలో చేరి ఏడాది. అత్తగారి మోకాళ్ళు అరిగిపోయాయి. "నువ్వు గూడా పొద్దున్నే బస్సెక్కి పోతే ఇల్లెవురు చూస్తారు?" అని అతను అడిగాడు. అది ప్రశ్నలాగానే వినిపించింది. మర్నాటి నుంచి ఆమె యూనివర్సిటీ బస్సెక్కలేదు.

రెండేళ్ళ కిందట, వానలు ఎగ్గొట్టిన శ్రావణంలో, మామగారు మల్లికార్జునయ్య కళ్యాణదుర్గం దగ్గర కొనిపెట్టిన పొలానికి అందరూ పోయారు. చెనక్కాయ చెట్టు మొలకెత్తిన చోటే మాడిపోయింది. మగవాళ్ళు గట్టుమీద నిలబడి నష్టం గురించి మాట్లాడుకుంటుంటే, నీళ్ళ కోసం తవ్వించినా ఎప్పుడూ నీళ్ళు చూడని కుంటలోకి హేమావతి దిగింది. అడుగున, పైకెక్కలేక చచ్చిన చిన్న జంతువు ఒకటి. బూడిద రంగు, పొడవాటి మూతి. తోక మాత్రం పాలిపోయి ఉంది. ఆమె బొటనవేలికన్నా కాస్తే పెద్దది. ఇళ్ళలో తిరిగే చుంచుకుండే ఘాటు వాసన దీనికి లేదు. ఆమె దాన్ని పెరుగన్నం తెచ్చిన టిఫిను డబ్బాలో పెట్టుకుంది. ఆ డబ్బాను సుమిత్రమ్మ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఆ తర్వాత పొలానికి పోయినప్పుడల్లా కుంటలో వెతికింది. దొరికినవాటిని స్పిరిట్‌లో వేసింది. తోకను, చెవిని, వెనక పాదాన్ని కొలిచింది. పుర్రెల్ని నీళ్ళలో నానబెట్టి, సూదిమొనతో కండ తీసి, చింతపిక్కంత ఎముకను దూదిలో ఆరబెట్టింది. పప్పు కుక్కరులో పెట్టి మేడెక్కేది, విజిళ్ళు వింటూ పనిచేసేది, దిగి తల తడుపుకుని తిరగమోత వేసేది. భరత్‌కుమార్ షెడ్డు గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. "ఇది కొత్త జాతే హేమా. పుస్తకాల్లో ఇట్లాంటిది లేదు" అన్నది అతనే. ఆ మాట ఆమె అంతకు వారం ముందే అతనికి చెప్పింది. అప్పుడతను క్రికెట్ చూస్తున్నాడు.

సైన్సు పత్రికకు పంపాల్సిన వ్యాసం పూర్తయింది. బొమ్మలు ఆమె గీసింది, కొలతలు ఆమె ఇచ్చింది, వాక్యాలు ఇద్దరూ రాశారు, టైపు అతను చేశాడు. ఆ ఆదివారం ధర్మవరం నుంచి ఆడబిడ్డ నందిని భర్తతో భోజనానికి వచ్చింది. అందరి విస్తళ్ళలో పులుసు పడ్డాక భరత్‌కుమార్ గొంతు సవరించుకుని, ఆ జంతువుకు తన భార్య పేరు పెడుతున్నట్టు చెప్పాడు.

"హేమావతియే. హేమావతిది అనేకి లాటిన్లో అట్లా అంటారు. లోకం ఉన్నన్నాళ్ళూ నీ పేరు ఉంటాది."

"ఇంగ మా ఇంట్లో చుంచు కనపడితే అదిలించేకి లేదు వదినా" అంది నందిని. "బాగుండావా వదినా, తిన్యావా అని పలకరించల్ల."

అందరూ నవ్వారు. హేమావతి కూడా నవ్వింది. సుమిత్రమ్మ కూడా కొడుకు వైపు మురిపెంగా చూసి, పెండ్లాం పేరు పెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని అంది. గరిటె చేతిలో ఉండగానే హేమావతికి ఎమ్మెస్సీలో చదివిన ఒక మర్యాద గుర్తుకొచ్చింది. కొత్త జంతువును కనిపెట్టి వర్ణించినవాళ్ళు దానికి తమ పేరు పెట్టుకోరు. జంతువు మీద తన పేరుంటే, వ్యాసం మీద రచయితగా తను ఉండదు. ఈ సంగతి అతనికీ తెలుసు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర చదువుకున్నారు. చీరకు పిన్నుతో గుచ్చినట్టు ఆమెను ఆ జంతువుకు గుచ్చి, సీసాలో తోసి మూత పెట్టారు. ఇంకా మెచ్చుకోలు వినిపిస్తూనే ఉంది.

వాళ్ళు వెళ్ళిపోయాక, వ్యాసం మీద తన పేరెందుకు లేదని భర్తను అడిగింది. అతను విసుక్కోలేదు. నచ్చజెప్పాడు. "పైన నీ పేరు ఎట్ల పెట్టేది హేమా? ప్రతి పేరు కింద యాడ పనిచేస్తారో రాయల్ల. కాలేజీనో, యూనివర్సిటీనో. నీకు యాడుండాది అడ్రస్?"

ఆమె అప్పుడు అతని చొక్కాలు మడతపెడుతూ ఉంది. మడతపెట్టడం ఆపలేదు. ఆ ప్రశ్న మాత్రం ఆమెతోపాటు ఇల్లంతా తిరిగింది. గ్యాసు బుక్కు మీద, కరెంటు బిల్లు మీద, కొరియరువాడు గేటు దగ్గర అరిచే కేకలో ఉన్న అడ్రస్ ఎవరిదని ఆమె పొయ్యి తుడుస్తూ ఆలోచించింది. అదే నెలలో కళ్యాణదుర్గం పొలం సోలారు పలకలవాళ్ళకు లీజుకిచ్చారు. యంత్రం వచ్చి గట్టున ఉన్న రాళ్ళకుప్పల్ని ఊడ్చి కుంటలోకి తోసి చదును చేసింది. ఆ జంతువు ఉండేది ఆ రాళ్ళ కింద. మామగారు ఆ మాట చెప్పి కాఫీ అడిగాడు. ఆమె కాఫీ ఇచ్చి మేడెక్కి సీసాల ముందు కూర్చుని వాటిని లెక్కపెట్టింది. ఇక మిగిలినవి ఇవేనేమో. ఆ రోజు దేన్నీ ముట్టుకోలేదు కాబట్టి ఎవరూ స్నానం చేయమనలేదు.

అతను ఒక్కడి పేరుతో పంపిన వ్యాసానికి పత్రిక నుంచి జవాబు నిన్న వచ్చింది. వ్యాసాన్ని పరీక్షించినవాళ్ళు బొమ్మల్ని చాలా మెచ్చుకున్నారు. ఒకే ఒక్క సందేహం. పై దవడలో ముందుపన్ను వెనక ఉండే చిన్న పళ్ళు మూడని వ్యాసంలో ఉంది, బొమ్మలో నాలుగున్నాయి. ఏది నిజం? మూడైతే ఇది ఒక ప్రజాతి, అంటే జీనస్, నాలుగైతే పూర్తిగా వేరే ప్రజాతి.

భరత్‌కుమార్ ఈ పొద్దున ల్యాపుటాపు పట్టుకుని మేడెక్కి, గుమ్మం దగ్గరే ఆగాడు. ఆమె రాసిచ్చిన కాగితంలో నాలుగనే ఉంది. టైపు చేసేటప్పుడు అతను దాన్ని మూడు చేశాడు. పుస్తకంలో ఇంత చిన్నవాటికి మూడే అని ఉంది గదా, నువ్వు పొరపాటున రాసినావనుకున్నా అన్నాడు.

హేమావతి దూది విప్పి పుర్రెను వెల్లకిలా తిప్పి, పక్కన భూతద్దం పెట్టింది. నాలుగో పన్ను గసగసంత ఉంటుంది. పక్కనుంచి చూస్తే పెద్ద పన్ను చాటున దాక్కుంటుంది. చేతిలోకి తీసుకుని కిందినుంచి చూడాలి.

"చూడండి" అంది.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నాకు పడదని తెల్సు గదా. నాలుగైతే నాలుగని రాసెయ్. రేపటిలోగా పోవల్ల. ఈ వ్యాసం పోతే నా ప్రమోషన్ గూడా పోతాది."

"మీరు చూసినారా?"

"నువ్వు చూసినావు గదా హేమా."

"అవును" అంది హేమావతి. "నేను చూసినాను."

అతనికి ఆ మాటలో ఏమీ వినిపించలేదు. ల్యాపుటాపు స్టూలు మీద పెట్టి, సాయంత్రానికి చూస్తానని చెప్పి కాలేజీకి వెళ్ళిపోయాడు. కింద బండి స్టార్టయిన చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

ఆమె ల్యాపుటాపు తెరవలేదు. తన ఫోను తీసింది. పళ్ళు నాలుగు, బొమ్మ సరైనది అని పత్రికవాళ్ళకు రాసింది. వ్యాసం మీద పేరున్నవారు వాటిని చూడలేదని, చూసి కొలిచి గీసింది తానని, రచయితల్లో తన పేరు చేరినప్పుడే నమూనాలను మ్యూజియానికి పంపగలనని రాసింది. జంతువుకు తన పేరు వద్దని రాసింది. వ్యాసం ఆగిపోవచ్చు. ఈ ఇంట్లో మాటలు ఆగిపోవచ్చు. ఉన్నాయో లేవో తెలియని ఆ జంతువులు పేరు లేకుండానే మిగిలిపోవచ్చు. ఇవన్నీ తెలిసే చివర తన పేరు, దాని కింద ఇంటి నంబరు, వీధి, బుక్కరాయసముద్రం అని రాసి పంపింది. పుర్రెను దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి మెట్లు దిగి, బాత్రూము డ్రమ్ములో మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచుకుంది.

వంటింటి గడప దగ్గర సుమిత్రమ్మ చింతపండు నానేస్తోంది. తలెత్తకుండానే, "తలమీద నీళ్ళు పోసుకున్యావా?" అంది.

"లేదత్తా" అంది హేమావతి. గడప దాటి లోపలికి వచ్చి, ఆ చెంబు నీళ్ళతో పప్పు కడిగింది.