చేతిలో ఆట, టీవీలో ఆట

సుకుమార్‌ని చూసినవాళ్ళెవరూ అతను వీడియో గేములాడే మనిషని అనుకోరు. తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చిలో వచ్చినవాళ్ళకల్లా పాటల పుస్తకాలు అందిస్తూ గుమ్మం దగ్గర నిలబడతాడు. గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. అలాంటి మనిషి సాయంత్రం స్కూలు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కార్ల పందెం ఆడుతుంటే, పెళ్ళయిన కొత్తలో రెబెక్కాకి ఏం అనాలో తోచలేదు.

ఆ ఆట మిషను పేరు స్విచ్. మధ్యలో తెర, అటూ ఇటూ రెండు పిడులు. చేత్తో పట్టుకుని ఎక్కడైనా ఆడుకోవచ్చు. టీవీ పక్కన ఉన్న స్టాండులో దించితే అదే ఆట టీవీ మీద పెద్దగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన రకం. సింగపూర్లో పనిచేసే స్నేహితుడి చేత తెప్పించుకున్నాడు.

రెబెక్కాది నరసాపురం. భీమవరంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. పెళ్ళయ్యాక తణుకు నుంచి పాసింజరు రైల్లో రోజూ వెళ్ళి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్న ఆమె చెప్పులు వేసుకుంటుంటే సుకుమార్ ఆ మిషనుని స్టాండులోంచి తీసి, మెత్తటి గుడ్డ సంచీలో పెట్టి, ఆమె చేతికిచ్చాడు.

"రైల్లో తోచదు కదా, పట్టుకెళ్ళు."

"నాకు రాదండి."

"కూరగాయలు పండించుకునే ఆట ఒకటి వేశాను. అది ఎవరికైనా వస్తుంది."

చీరో పూలో ఇచ్చినా రెబెక్కా అంత కదిలిపోయేది కాదేమో. తనకి అంత ఇష్టమైన వస్తువుని ఇలా ఊరికే చేతిలో పెట్టేశాడే అనుకుంది. మొదటి వారం భయం భయంగా పట్టుకుంది. ఆ తర్వాత అత్తిలి దాటేసరికి టమాటా నారు పోయడం, వేండ్ర వచ్చేసరికి కోళ్ళకి మేత వెయ్యడం అలవాటైపోయింది. పక్క సీట్లో కూర్చునే రాణి అనే నర్సు రోజూ తొంగి చూసి, "మీ గుమ్మడికాయలు ఎంతవరకూ వచ్చాయండి?" అని అడిగేది.

సాయంత్రం ఇంటికి రాగానే మిషను స్టాండులోకి వెళ్ళిపోయేది. అప్పుడు ముగ్గురూ పందెం వేసుకునేవారు. మూడో మనిషి రెబెక్కా అత్తగారు సంపూర్ణమ్మగారు. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు మందగించింది. ఫోనులో అక్షరం కనపడదు, పేపరు చదవలేరు. టీవీ మీద పెద్ద బొమ్మ మాత్రం బాగానే ఆనుతుంది. కానీ ఆటలో ఆవిడ కారు ప్రతి మలుపు దగ్గరా రోడ్డు తప్పి నీళ్ళలో పడేది.

"మళ్ళీ కాలవలో పడ్డానా?" అనేవారు ఆవిడ.

"పడ్డావమ్మా," అనేవాడు సుకుమార్ నవ్వుతూ.

"సరే, తియ్యి బయటికి."

సుకుమార్‌కి యూట్యూబులో చిన్న ఛానెల్ ఉంది. ఆటల గురించి తెలుగులో నిదానంగా, పాఠం చెప్పినట్టు చెబుతాడు. చూసేవాళ్ళు తక్కువ. వాళ్ళలోనూ సగంమంది తన స్కూలు పిల్లలే. ఒకరోజు భోజనాల దగ్గర కొత్త వీడియోకి విషయం దొరికిందన్నాడు. పాత స్విచ్‌కి చవక రకం ఒకటుండేది. అది చేత్తో పట్టుకుని ఆడుకోవడానికే, టీవీకి తగిలించడం కుదరదు. కొత్తదానికి కూడా అలాంటిది రావాలా వద్దా అని నెట్‌లో జనం తెగ వాదించుకుంటున్నారట.

"రాకూడదు," అన్నాడు. "టీవీ తీసేస్తే ఇంక దాంట్లో ఏముంది? ఒక్కొక్కళ్ళూ ఒక్కో మూల తల వంచుకుని కూర్చోడమే. పిడులు కూడా ఊడవు దానికి. ఒకటి మనం పట్టుకుని ఇంకోటి పక్కవాళ్ళకివ్వడానికి లేదు."

"ఎందుకు రాకూడదండీ?" అంది రెబెక్కా. అత్తగారి ఎదుట మొగుడికి అడ్డం చెప్పడం ఆమెకి అదే మొదలు. "హాస్టల్లో ఉండే పిల్లలకి టీవీ ఎక్కడిది? ఇంట్లో ఉన్నా అది వాళ్ళ చేతికొస్తుందా, సీరియల్సుకే సరిపోతుంది. రైల్లో, బస్సులో ఆడుకునేవాళ్ళు టీవీకీ, స్టాండుకీ కూడా కలిపి డబ్బెందుకు కట్టాలి? చిన్నదిగా, తేలిగ్గా ఉంటే చాలు."

సుకుమార్ ముద్ద చేతిలో పట్టుకుని ఆమెనే చూశాడు. "ఇది బాగుందే. వీడియోలో నువ్వు కూడా కూర్చో. నువ్వు రావాలను, నేను వద్దంటాను."

సంపూర్ణమ్మగారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ వింటూ కూర్చున్నారు.

ఆ వారంలోనే తుపాను హెచ్చరిక వచ్చింది. కాలేజీకి సెలవిచ్చేస్తే రెబెక్కా వెంటనే తిరుగు రైలు పట్టుకుని మధ్యాహ్నానికల్లా తణుకు వచ్చేసింది. వాన ఇంకా మొదలవలేదు గానీ గాలి జోరుగా ఉంది. గేటు తీసుకుని మెట్లెక్కి, కిటికీలోంచి లోపలికి చూసి అక్కడే ఆగిపోయింది.

సంపూర్ణమ్మగారు కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. టీవీ ఆపేసి ఉంది. స్టాండు ఖాళీ. ఆవిడ చేతిలో పందెంలో మూడో మనిషి పట్టుకోవడానికి సుకుమార్ విడిగా కొన్న పిడి, కంట్రోలర్, ఉంది. దేనికీ తగిలించి లేని ఆ కంట్రోలర్‌ని రెండు చేతులా పట్టుకుని, నల్లటి టీవీ వంక చూస్తూ, చిన్నపిల్లకి ఎక్కం నేర్పుతున్నట్టు తనకి తానే చెప్పుకుంటున్నారు.

"ఎడమకి... ఎడమకి... ఇప్పుడు వదులు. మళ్ళీ నొక్కు. అదీ."

రెబెక్కాకి తన భుజానికి వేలాడుతున్న సంచీ ఒక్కసారి బరువెక్కినట్టయింది. ఆ మిషను తనతో భీమవరం వెళ్ళిపోతే ఇంట్లో ఏముంటుంది? పగలల్లా ఒంటరిగా ఉండే మనిషికి చదువుకోడానికి లేదు, కుట్టుకోడానికి లేదు. కళ్ళకి ఆనే సరదా అదొక్కటే, అది కాస్తా తను సంచీలో వేసుకుని పోతోంది. కావాలని ఆవిడ ఒక్కమాట అడగలేదు.

చప్పుడు కాకుండా మెట్లు దిగి, గేటు బయటికెళ్ళి, ఈసారి గేటు గట్టిగా మోగించి, "అత్తయ్యగారూ, సెలవిచ్చేశారండీ" అని పిలుస్తూ వచ్చింది. లోపలికి వెళ్ళేసరికి కంట్రోలర్ దాని చోట ఉంది. కుర్చీ గోడవారకి వెళ్ళిపోయింది.

సెలవులయ్యాక రెబెక్కా మిషను పట్టుకెళ్ళడం మానేసింది. సుకుమార్ అడిగితే, "రైలు కుదుపులకి కళ్ళు లాగుతున్నాయండి" అంది. అత్తగారికి టీవీ ఎలా పెట్టుకోవాలో, ఆట ఎక్కడ మొదలెట్టాలో చూపించి, "ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదండీ" అంది మామూలుగా. రైల్లో కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూసేది. ఆట ఆపేస్తే అందులో మొక్కలు ఎక్కడివక్కడ ఆగిపోతాయని తెలుసు. అయినా నీళ్ళు పెట్టేవాళ్ళు లేక టమాటాలు ఎండిపోతున్నాయేమోనని మనసు పీకేది. రాణి రెండుమూడుసార్లు గుమ్మడికాయల సంగతి అడిగి, ఆ తర్వాత అడగడం మానేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక వీడియో తియ్యడానికి కూర్చున్నారు. చప్పుడు పడుతుందని సుకుమార్ ఫ్యాను ఆపేశాడు. ఫోను పుస్తకాల దొంతర మీద ఆనించి, ఎప్పట్లాగే "అందరికీ నమస్కారమండి" అని మొదలెట్టి, రావాలా వద్దా అన్న విషయం చెప్పి, "మా ఆవిడ రావాలంటున్నారు. ఎందుకో ఆవిడే చెబుతారు" అని రెబెక్కా వైపు తిరిగాడు.

రెబెక్కా గొంతు సవరించుకుంది. "రాకూడదండి," అంది.

సుకుమార్ కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"టీవీ లేకుండా అలాంటిది తయారుచెయ్యడం తప్పండి," అంటూ ఆమె చెప్పుకుపోయింది. "చిన్న తెర అందరికీ కనిపించదు. చూపు తగ్గినవాళ్ళుంటారు, పెద్దవాళ్ళుంటారు. చవగ్గా వస్తోంది కదాని అందరూ అదే కొనుక్కుంటే వాళ్ళెక్కడ ఆడతారు? ఇంట్లో ఒక్కళ్ళు ఆడుకుని మిగతావాళ్ళు చూస్తూ కూర్చోవాలా?"

"రెబెక్కా, మొన్న నువ్వు..." అని సుకుమార్ అంటూండగానే వెనక మంచం మీంచి సంపూర్ణమ్మగారి గొంతు వినిపించింది.

"రావాలి."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఫోను తన పని తాను చేసుకుపోతోంది.

"తప్పకుండా రావాలి," అన్నారు ఆవిడ కొడుకుతో, క్లాసులో మాట్లాడినట్టు స్పష్టంగా. "నా దగ్గర పెద్దక్షరాల బైబిలుంది. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు నొప్పెడతాయి, ఇల్లు కదలదు. మీ నాన్నగారు జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. నాకు కనపడదని ఆ చిన్నది అచ్చు వెయ్యడం మానేయమంటానా? ఇంట్లో చదివేవాళ్ళకి ఇంట్లోది, దారిలో చదివేవాళ్ళకి దారిలోది. రైల్లో వెళ్ళే పిల్ల చేతిలో చిన్నది ఉండాలి."

"అత్తయ్యగారూ, నాకు కళ్ళు లాగుతున్నాయని చెప్పాను కదండీ."

"చెప్పావు. ఆరోజు నువ్వు గేటు తీసుకుని వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ గేటు మోగించుకుని వచ్చావు. నాకు చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయమ్మా."

రెబెక్కా తలొంచుకుంది. ఏం జరుగుతోందో తెలియక సుకుమార్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుంటే, ఖాళీ టీవీ ముందు తాను కూర్చున్న సంగతి సంపూర్ణమ్మగారే చెప్పారు. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. "రోజూ కాలవలో పడి ఊరికే ఓడిపోవడం ఎందుకని కాస్త సాధన చేసుకున్నాను. దానికి ఈ పిల్ల తన తోట వదిలేసుకుంది. వారమంతా సంచీ వంక, స్టాండు వంక చూసి ఉత్త చేతులతో వెళ్ళిపోవడం నాకు తెలియదనుకుంది."

సుకుమార్ తల్లి వైపు తిరిగి, "అందరికీ నేను చెప్పాలనుకున్నది మొత్తం నా సాయంత్రాల గురించేనమ్మా. పొద్దున్న రైలు గురించీ, మధ్యాహ్నం ఇంటి గురించీ నేనసలు ఆలోచించలేదు," అన్నాడు. లేచి ఫ్యాను వేశాడు.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది రెబెక్కా.

దానికి పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది. చవకది వస్తే అప్పుడు చూసుకోవచ్చు, అందాకా రోజు విడిచి రోజు అని సంపూర్ణమ్మగారే తీర్పు చెప్పారు. మిషను ఇంట్లో ఉన్న రోజు తను ఆడతారు, మిగతా రోజుల్లో రెబెక్కా పట్టుకెళ్ళాలి. "వట్టి కంట్రోలర్‌తో సాధన చెయ్యడం కూడా మంచిదే. రోడ్డు నోటికొచ్చేస్తోంది," అన్నారు. మర్నాడు రెబెక్కా మిషను తియ్యగానే రాణి సీట్లో సర్దుకుని దగ్గరికి జరిగింది. "అమ్మయ్య, ఏమైందో అనుకున్నానండి," అంది. గుమ్మడికాయల గురించి అందో, తన గురించి అందో రెబెక్కా అడగలేదు.

ఆ వీడియోని చెరిపేసి కొత్తగా తీద్దామని సుకుమార్ అన్నాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. గేటు సంగతితో సహా ఉన్నదున్నట్టు పెట్టేశాడు. ఎప్పుడూ ఆ ఛానెల్ మొహం చూడనివాళ్ళు కూడా చూశారు. కింద కామెంట్లలో జనం రెండు పక్షాలుగా చీలిపోయి కొట్టుకున్నారు. రావాలని కొందరు, వస్తే టీవీ ఆటలు తగ్గిపోతాయని కొందరు. తుని నుంచి ఒకాయన, డ్యూటీలో ఊళ్ళు తిరిగే తనకి చేతిదే కావాలని రాశాడు. పిఠాపురం నుంచి ఒకావిడ, తన కవల పిల్లలు ఒకే సోఫాలో కూర్చుని ఆడుకోవడం పోగొట్టుకోలేనని రాసింది. చాలామంది మాత్రం, "టీచరుగారిని మళ్ళీ మాట్లాడించండి" అని అడిగారు.

రాసిన ప్రతి మనిషికీ జవాబివ్వకపోతే మర్యాద కాదని సంపూర్ణమ్మగారు పట్టుబట్టారు. ఇప్పుడు సాయంత్రం పందేలయ్యాక రెబెక్కా కామెంట్లు చదివి వినిపించి, ఆవిడ చెప్పిన జవాబు టైపు చేస్తోంది. రాసినవాళ్ళ తెలుగులో తప్పులు ముందు దిద్ది, ఆ తర్వాత విషయంలోకి వెళతారు ఆవిడ.

"పిఠాపురం ఆవిడకి రాయమ్మా. మీరన్నది నిజమేనండి. కానీ మీ కవలలు రేపు చెరో ఊళ్ళో చదువుకుంటే అప్పుడేం చేస్తారు? ఆలోచించి రాయండి."

"మరీ టీచరు ప్రశ్నలా ఉందేమోనండి, అత్తయ్యగారూ."

"ఉండనీ. పంపించు."

రెబెక్కా పంపించింది. వంటింట్లోంచి సుకుమార్ గిన్నెలు కడుగుతూ, అయిపోయిందా, ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాడు. ఇంకా చాలామంది ఉన్నారంది రెబెక్కా, అత్తగారి మంచం మీదకి కాళ్ళు పైకి లాక్కుంటూ.