ఊక దొరికిన ఊరు

ఆ గింజలు వండుతుండగా పొయ్యిలో పడ్డవా, లేక ఎవరో భక్తితో అగ్నికి సమర్పించినవా? ఈ ప్రయోగశాలలో చేరిన నాటి నుంచీ ఉమామహేశ్వరికి ఇదే సందేహం. ఈ ఉదయం కూడా సూక్ష్మదర్శినిలోకి వంగి, మాడి నల్లబడిన వరిగింజను సన్నని కుంచెతో పక్కకు జరుపుతూ అదే అనుకుంది. అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన మనిషి. ఇక్కడ చేత్తో తాకకూడదు గనుక మనసులోనే అద్దుకుని గాజుసీసాలో వేసేది.

తెల్లవారుజామునే దీపం పెట్టి, నేపర్‌విల్‌లో రైలెక్కి షికాగో వచ్చి, విశ్వవిద్యాలయం నేలమాళిగలో సాయంత్రం దాకా మెడ వంచి కూర్చోవడం ఆమె ఉద్యోగం. వెనక మెడ కింద చిన్న గూను లేచింది. అద్దానికి ఆనించే కుడికంటి చుట్టూ ముడతలు ఎక్కువ.

మూడు వేల ఏళ్ళ కిందట చైనాలో చూ అనే రాజ్యం ఉండేది. దాని తొలి రాజధాని దన్‌యాంగ్. పాత గ్రంథాల్లో పేరుంది గాని చోటు తేలలేదు. ఒక నదీలోయలో తాము తవ్వించిన చోటే అదని ఆమె పై అధికారి రఘు నమ్మకం. అక్కడి పొయ్యిల మట్టిని నీళ్ళలో కలిపితే మాడిన గింజలు పైకి తేలేవి. ఆరబెట్టి సంచుల్లో ఇక్కడికి పంపేవారు. రాజధాని అయితే దంచి చెరిగిన ధాన్యం పల్లెల నుంచి వచ్చి ఉండాలి. ఊక కనబడిందంటే పండించుకు తిన్న పల్లె.

ప్రతి సంచిలోనూ ఊకే. “వచ్చే సంచి చూద్దాం అక్కా” అనేవాడు రఘు.

ఆ మాట నమ్మే, ఇంటికి దగ్గరలో స్కూలు లైబ్రరీలో వచ్చిన ఉద్యోగం వదులుకుంది. ఆ ఊరు దొరకాలని పక్క ఊరు అరోరా గుళ్ళో అర్చన చేయించింది. అర్చకులు గోత్రం అడిగితే రఘు గోత్రం చెప్పింది. గింజలు ఎత్తడానికి తగిన చిన్న చెంచా లేదని రఘు అంటే, పూజలో వాడే రాగి ఉద్ధరిణి తెచ్చి అతనికిచ్చింది. “ఊరు దొరికిన రోజు తిరిగిచ్చేస్తా” అని నవ్వాడు. అప్పటి నుంచి ఇంట్లో ఆచమనం స్టీలు చెంచాతోనే.

మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పుతుంటే, పక్క గదిలో మ్యాపులు చేసే స్మృతి వచ్చింది.

“దన్‌యాంగ్ దొరికిందంట, చూసిన్రా అక్కా?”

ఉమామహేశ్వరి చేతిలో ముద్ద ఆగింది. “మనదేనా?”

“మనది కాదు. ఇంకో లోయల, వేరే టీమ్‌కి. ఆళ్ళ రీసెర్చ్ పేపర్‌ల రఘు పేరు గూడ ఉంది. ఆళ్ళ దగ్గర జాయిన్ అయితుండు. ఇయ్యాల ఇక్కడ లాస్ట్ డే కదా, మీకు చెప్పలే?”

ముద్ద డబ్బాలోనే పెట్టి, చెయ్యి కడుక్కుని రఘు గదికి వెళ్ళింది. అతను పుస్తకాల పెట్టెకు టేపు వేస్తున్నాడు.

“మనది పల్లేనని ఎప్పట్నించి తెలుసు రఘూ?”

“పోయిన సమ్మర్‌లోనే కన్ఫర్మ్ అయింది అక్కా. చెప్తే ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తారు, మీ జాబ్ పోతుంది కదా అని...”

“వాళ్ళ పేపర్లో నీ పేరు కూడా నా కోసమేనా?”

అతను టేపు చివర వెతుక్కోసాగాడు.

“పోనీ ఒకటి చెప్పు. ఆ గింజలు పొయ్యిలో పడ్డాయా, అగ్నికి వేశారా? ఊరు దొరికాక చెప్తానన్నావు.”

“అది గింజ చూసి చెప్పలేం అక్కా. ఎవ్వరూ చెప్పలేరు.”

ఈ మాట మొదటిరోజే చెప్పి ఉండొచ్చుగా, అనుకుంది ఆమె. తిరిగొచ్చి, సగంలో ఆపిన గింజల పళ్ళెం ముందు కూర్చుంది. ఎవరో తినవలసిన అన్నం. సగంలో వదిలేయబుద్ధి కాలేదు. అద్దం కింద మళ్ళీ ఊకే. గుళ్ళో చెప్పుకున్న కోరిక దేవుడికి చేరినట్టే ఉంది. ఊరు దొరికింది, చెప్పిన గోత్రానికే దొరికింది. మరి అడిగింది తనని ఆయనకు తెలియదా?

సాయంత్రం కుంచెలు కడుక్కుని వచ్చేసరికి రఘు గదిలో దీపం ఆరి ఉంది. వెళ్తున్నానని చెప్పనైనా లేదు. ఆమె బల్ల మీద, మడిచిన కాగితపు తువ్వాలు పైన ఉద్ధరిణి ఉంది. మాట ప్రకారమే, ఊరు దొరికిన రోజే. బాగా తోమినట్టున్నాడు, రాగి మెరుస్తోంది. పిడి చివర పాముపడగ గీతల్లో మాత్రం ఆ పల్లె మసి నల్లగా అలాగే ఉంది.