సలామత్ ఖాలా తెల్లమూట

నీళ్ళు మరగబెట్టాలి. కత్తెర, దారం ఉడికించాలి. మంచానికి ఉతికిన దుప్పటి వెయ్యాలి. బండిలో గడ్డి పరవాలి. వీటన్నిటికంటే ముందు, నిండు చూలాలు ఓయ్‌నిసాను పంపడానికి ఆమె అత్తగారి చేత సరేననిపించాలి.

అదొక్కటే కాలేదు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, ఫెర్గానా లోయలోని మా పత్తి పల్లెలో ప్రసూతి గది తెరిచారు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. పురుళ్ళ చదువు చదివి ఆ గదికే వచ్చాను. ఓయ్‌నిసాకు కాళ్ళూ మొహమూ నీరు పట్టాయి. కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయంటోంది. ఇంట్లోనే కాన్పయితే మూర్ఛ వచ్చి తల్లీబిడ్డా పోతారని నా భయం.

ఆమె అత్త హోసియత్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళను మేం 'ఖాలా' అంటాం, పిన్ని అన్నట్టు.

"మీ గదిలో మావిని ఏం చేస్తారే?"

"గుంటలో వేసి సున్నం చల్లుతాం ఖాలా. జిల్లా డాక్టరుగారి ఉత్తర్వు."

"బిడ్డకు తోడొచ్చిందే అది! కుక్క నోట పడితే ఈ ఇంట మళ్ళీ ఊయల ఊగుతుందా? మందులకి అమ్ముకుంటారటగా?"

"ఎవరన్నారు?"

"అనేవాళ్ళన్నారు. పెళ్ళి కానిదానివి, నువ్వు నా కోడలికి పురుడు పోస్తావా? ముందు మొగుణ్ణి వెతుక్కో, పో!"

అన్నదెవరో నాకు తెలుసనుకున్నాను. ముసలి మంత్రసాని సలామత్. గది తెరిచాక ఆమెను పిలిచేవాళ్ళు తగ్గారు. పైగా మా వెనకగోడ పక్కనుంచి ఏదో దాచుకుని పోతూ రెండుమూడుసార్లు కనబడింది. అలమర వెతికితే దూదీ సబ్బూ అన్నీ ఉన్నాయి. మరి దాచుకుపోయేదేమిటని అనుమానం ఇంకా పెరిగింది.

ఖాళీ బండితో తిరిగి వస్తుంటే ఆమె మళ్ళీ కనబడింది. వెంటపడ్డాను. కాలవ గట్టున కూర్చుని, తెల్లగుడ్డలో ఉన్నదాని సున్నం కడిగి, ఉప్పు చల్లుతోంది. పక్కనే జల్దారు పండ్ల చెట్టు కింద గొయ్యి తవ్వి ఉంది.

"దొంగసొత్తా ఖాలా?"

"దొంగసొత్తే. పొద్దున పురుడైన జుమాగుల్ బిడ్డది. మీరు పారేస్తారు, నేను పాతిపెడతాను."

"ఊళ్ళో చెప్పిందీ నువ్వేగా?"

"పారేస్తున్నారని చెప్పాను. అబద్ధమా? అమ్ముతున్నారని మాత్రం నేననలేదు. ఆ ఉప్పూకారం జనమే చల్లారు."

నమ్మాలో వద్దో తోచలేదు. అయినా ఓయ్‌నిసా సంగతి చెప్పాను. మిణుగురుల మాట వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"అలాంటి పిల్లలు నా చేతుల్లో పోయారమ్మాయ్. ఇంట్లో నావల్ల కాదు. మావిని నాకిస్తావా?"

"ఇస్తాను."

"డాక్టరు అడిగితే?"

"ఇచ్చానని చెబుతాను."

ఆమె మూటను గోతిలో పెట్టి మన్ను కప్పి, నాతో బయల్దేరింది. ఆమెకూ నామీద నమ్మకం లేదు.

హోసియత్ గుమ్మంలో సలామత్ అన్నది ఒకటే: "మూట నా చేతిలో ఉంటుంది. నీ కళ్ళముందే పాతిపెడతాను." హోసియత్ మాకంటే ముందు తనే బండెక్కింది, కాపలాకి.

గదికి చేరాక ఓయ్‌నిసాకు మూర్ఛ వచ్చింది. మందు చేతికందే దూరంలో ఉంది కాబట్టి తల్లీ దక్కింది, కొడుకూ దక్కాడు. హోసియత్ మనవణ్ణి చూడలేదు. మూట విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముక్క తగ్గలేదుగా?" అంది నావైపు ఓరగా చూస్తూ. ఆ తరవాతే బిడ్డను ఎత్తుకుంది.

మావి ఇచ్చినందుకు డాక్టరుగారు నన్ను గట్టిగానే కోప్పడ్డారు. సలామత్ చేతికి మూటలు వెళ్ళడం మాత్రం ఆగలేదు, గదికి కాన్పుల బళ్ళు రావడమూ ఆగలేదు.

తరవాత ఆ గది గోడమీద అక్కడ పనిచేసిన మా పేర్లు రాశారు. సలామత్ పేరు లేదు. మీ ఇంట ఎవరికైనా నొప్పులు మొదలైతే, సలామత్ ఖాలాను ఒక్కసారి తలుచుకోండి.