బూరె ముందు నిలబెట్టిన అద్దం

నేను ఒక నిలువుటద్దాన్ని. విజయనగరంలో ఒక గాజు కొట్టులో నా వీపున పాదరసం పూసి, టేకు చట్రంలో బిగించారు. పెళ్లికూతుళ్లను చూస్తూ బతుకుతాననుకున్నాను. నన్ను కొన్నది మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేసే నిరంజన్. జంతువులకు ‘నేను’ అనే ఎరుక ఉంటుందా అన్నది అతని ప్రశ్న.

వాళ్ల కాలేజీ వరండాలో బూరె అనే గోధుమరంగు కుక్క ఉండేది. అక్కడ ఊడ్చే పైడితల్లి చేతి అన్నం తిని పెరిగింది. “పరీక్ష ఒక్కటే. నీ కుక్క నీదే” అని నిరంజన్ ఆమెకు మాటిచ్చాడు.

బూరె నుదుటిన ఎర్రచుక్క పెట్టి నా ముందు వదిలారు. ఆ చుక్కను తడుముకుంటే, నాలో కనిపిస్తున్నది తానేనని దానికి తెలిసినట్టు. అది మొరిగింది, నా వెనక్కి వెళ్లి వెతికింది, ఏ వాసనా తగలక ఆవలించి పడుకుంది. ‘స్వీయ ఎరుక లేదు’ అని నిరంజన్ రాసుకున్నాడు.

పైడితల్లి నవ్వింది. “అద్దంలో వాసనేటుంతాది బాబూ? మీరు కంటితో పోల్చుకుంతారు. అది ముక్కుతో పోల్చుకుంతాది.”

మర్నాడు ఆమె నాలుగు గోనెపట్టాలు పరిచింది. మూడు వేరే కుక్కలు పడుకున్నవి, ఒకటి బూరెది. ఆ మూడింటినీ బూరె వదలకుండా వాసన చూసింది. తనదాన్ని మాత్రం, అది తన వాసనేనని తెలిసినట్టు, ఒక్కసారి మూచూసి దాటిపోయింది.

“ఇది కదా అసలు సంగతి!” అంటూ నిరంజన్ అదీ రాసుకున్నాడు. తప్పు బూరెది కాదు, నాదేనని తేలినందుకు నేనెంత సంతోషించానో!

కొన్నాళ్లకు మందులు పరీక్షించే సంస్థ ఒకటి కుక్కల కోసం వచ్చింది. ఎరుక లేని జంతువని రాసిస్తే చాలన్నారు. నిరంజన్‌కు అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. అతను నా ముందు జరిగిన పరీక్ష కాగితం వాళ్లకిచ్చి, గోనెపట్టాల పరీక్షది నా ఎదుటే చింపేశాడు. నా పేరు మీద అబద్ధం వెళ్లిపోయింది.

వ్యాను వచ్చిన రోజున బూరె ఎవరికీ చిక్కలేదు. “టీకా వేయించి సాయంత్రానికి తెచ్చేస్తాం. నువ్వు పిలువు” అన్నాడు నిరంజన్. పైడితల్లి పిలిచింది. బూరె తోకాడిస్తూ వచ్చి బోనెక్కింది.

మూడు రోజులు ఆమె గేటు దగ్గర కాసింది. నాలుగో రోజు కాలేజీ గుమస్తా నిజం చెప్పాడు. ఆమె తిన్నగా నిరంజన్ గదిలోకొచ్చి, నన్ను ఈడ్చి అతని ముందు నిలబెట్టింది.

“నా గొంతు నమ్మి వచ్చీసింది బాబూ అది. మీరు అద్దంలో మిమ్మల్ని పోల్చుకుంతారు గదా. సూసుకోండి.”

ఆమె మళ్లీ పనికి రాలేదు. నిరంజన్ కొత్త ఉద్యోగంలో చేరాడు. నన్ను సామాన్ల గదిలో గోడవైపు తిప్పి పెట్టారు. అద్దంలో తనను తాను గుర్తుపట్టేవాడు మనిషని నిరంజన్ గదిలోని పుస్తకాలన్నీ చెబుతాయి. పైడితల్లి చూసుకోమన్న రోజు నాలో అతని నడినెత్తి మాత్రమే కనిపించింది.