గుడ్డ కట్టిన ఆయిల్ డబ్బా

సాయికిరణ్ నెలకోసారి తన కారును లారీ మీద ఎక్కించి కోయంబత్తూరు రేసు ట్రాక్‌కు తీసుకెళ్తాడు. తిరిగొచ్చాక వేంసూరు రోడ్డులోని నా మెకానిక్ షెడ్డులో, ఎన్ని సెకన్లు తగ్గించాడో చెబుతూ మధ్యాహ్నమంతా కూర్చుంటాడు. నా భార్య విశ్రాంతమ్మ పోయాక నాతో అంతసేపు మాట్లాడే మనిషి అతనొక్కడే. మిగతావాళ్ళు ట్రాక్టరు వదిలేసి టీకి వెళ్ళిపోతారు.

ట్రాక్ మలుపుల్లో వేగంగా తిప్పితే ఇంజన్లో ఆయిల్ ఆవిరితో కలిసి పైకి తన్నుకొస్తుంది. దాన్ని పట్టి ఉంచి, గాలిని మాత్రం బయటికి వదిలే సెపరేటర్ డబ్బా అతని కారుకు నేనే చేసి బిగించాను. పట్నం మెకానిక్కులు నవ్వుకుంటే నవ్వుకోనీ, నా చేతి పని మీద నాకు గర్వమే.

మా వైపు బొగ్గు లారీల దుమ్ముకు, ఆరుబయట నిలిపిన ఏ బండికైనా గాలి రంధ్రానికి గుడ్డ కట్టడం అలవాటు. సాయి కారు లారీ ఎక్కే ముందు రోజు ఆ డబ్బా రంధ్రానికీ కట్టాను. విప్పడం మరిచాను.

ట్రాక్ నుంచి సాయి ఫోన్ చేశాడు. “ఎబినేజరన్నా, ఇంజన్ సీళ్ళు తన్నేసినయ్. ట్రాకంత ఆయిలే. నన్ను బయటికి పంపిండ్రు. ఏమైందంటవ్?”

“పాత ఇంజన్ కదా సాయీ,” అన్నాను. నిజానికి గుడ్డ అప్పుడే గుర్తొచ్చింది. చెబితే మళ్ళీ నా గడప తొక్కడని భయం.

చెప్పకపోయినా తొక్కలేదు. మూడు వారాలు. రెండు టీలు తెప్పించి ఒకటి పారబోసిన రోజులున్నాయి. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా. చివరికి నేనే ఫోన్ చేశాను.

“తప్పు నాదే సాయీ. డబ్బాకు గుడ్డ కట్టి మరిచిన. గాలి బయటికి పోక సీళ్ళు పోయినయ్.”

“తెల్సన్నా. బానెట్ ఎత్తి గుడ్డ చూసినంకనే నీకు ఫోన్ చేసిన.”

“మరి అడగలేదేంది?”

“నువ్వే చెప్తవనుకున్న. రోజూ నీ ఫోన్ కోసం చూసిన.”

“బండి తీసుకరా. నేనే బాగు చేస్త.”

“నిన్ననే ఖమ్మంల వేరే షెడ్డుకు ఇచ్చిన.”

“ఒక్క గుడ్డ మరిచినందుకా?”

“మరుపు ఎవరికైనా ఉంటదన్నా. తప్పు నా ఇంజన్ మీదికి నెట్టినవ్ చూడు, అందుకు.”